అడుగవలసినది రన్‌వే మాత్రమేనా?

నవనాథ సిద్ధుల గుట్ట నీడలో వెలసిన మన ఆర్మూరు పట్టణమునకు దారుల కొదువ లేదు. ఉత్తర దక్షిణములుగా సాగు 44వ జాతీయ రహదారియు, తూర్పు పడమరలుగా సాగు 63వ జాతీయ రహదారియు ఇచ్చటనే కలిసికొనుచున్నవి. నిజామాబాదు, పెద్దపల్లి రైలుమార్గము 2017లో పూర్తియై కరీంనగరము వైపునకు ఇనుపదారియు కలిగినది. ఇక మిగిలినది ఆకాశమార్గము. పట్టణమునకు దక్షిణమున కొలది దూరములోనున్న జక్రాన్‌పల్లి వద్ద విమానాశ్రయమును నిర్మింపవలెనని తెలంగాణ ప్రభుత్వము ప్రతిపాదించి, భారత విమానాశ్రయ ప్రాధికార సంస్థచే సాధ్యాసాధ్యములను పరిశీలింపజేసినది. నాటినుండియు పసుపు కొట్ల అరుగులమీదను, పఠనమందిరములలోను "రన్‌వే ఎప్పుడు వచ్చును?" అను ప్రశ్న వినవచ్చుచునే యున్నది.

ఈ కోరిక న్యాయమైనది. గల్ఫు దేశములకు మనిషిని పంపని గ్రామము మన ప్రాంతమున అరుదు. ఆ మనిషిని సాగనంపుటకు ఇంటిల్లిపాదియు బండి కట్టించుకొని, సుమారు రెండు వందల కిలోమీటర్లు రాత్రివేళ ప్రయాణించి శంషాబాదు చేరవలసియున్నది. జాతీయ పసుపు బోర్డు 2025 జనవరి 14న నిజామాబాదు కేంద్రముగా ప్రారంభమైనది. పసుపునకు దూరదేశముల గిరాకి పెరిగినకొలది ఆకాశమార్గపు అవసరమును పెరుగును. కావున మేమీ కోరికను మనఃపూర్వకముగా సమర్థించుచున్నాము. అయినను ఒక్క మాట చెప్పక తప్పదు. రన్‌వే యనగా రాయి, సిమెంటు, తారు. ధనమున్నచో అది తప్పక లేచును. కాని విమానమును క్షేమముగా లేపునదియు, క్షేమముగా దింపునదియు తారు కాదు. టవరులో కూర్చుండిన నియంత్రకులు ఒకరితో నొకరు చెప్పుకొను మాట. ఆ మాట సక్రమముగా నడచుటకు ఏర్పాట్లేమి యని అడుగువారు మాకింతవరకు కానరాలేదు.

ఆ మాట ఎట్లు నడచునో పాఠకులు తెలిసికొనదగును. మన ఊరి పిల్లవాడొకడు శంషాబాదున దుబాయి విమానమెక్కినాడనుకొందము. ఆ విమానము ఏ మార్గమున పోవలెనో ఒక నియంత్రకుడు అనుమతి నిచ్చును. నిలిచిన చోటినుండి రన్‌వే అంచుదాక దానిని నేలమీద నడిపించువాడు మరియొకడు. రన్‌వే మీదికి రానిచ్చి లేవనిచ్చువాడు టవరులోని మూడవవాడు. లేచిన పిమ్మట రాడారు తెర ముందు కూర్చుండి తక్కిన విమానముల నడుమనుండి దానిని పైకి ఎక్కించువాడు నాలుగవవాడు. దూరమార్గమున దానిని చేతబట్టువాడు అయిదవవాడు. అటుపిమ్మట ముంబాయి కేంద్రమునకు, అరేబియా సముద్రము మీద మస్కటు కేంద్రమునకు అది అప్పగింపబడును. కిటికీ ప్రక్కన కూర్చుండిన పిల్లవానికి ఇన్ని చేతులు మారిన సంగతియే తెలియదు. తెలియకుండుటయే ఆ పనివారి ఘనత.

చేయి మారునపుడెల్ల మాట మారవలెను. ఇచ్చువాడు చెప్పవలెను, పుచ్చుకొనువాడు దానిని తిరిగి పలుకవలెను, ఇచ్చినవాడు ఆ పలుకు సరిగా నున్నదా యని చెవియొగ్గి వినవలెను. రన్‌వేను దాటవలసిన బండి యేదైన నున్నచో నేలమీది నియంత్రకుడు టవరు నియంత్రకుని సమ్మతిని పొందవలెను. పని వంతు ముగించుకొని లేచువాడు, కూర్చుండువానికి ఆకాశమున ఏయే విమానములున్నవో, రన్‌వే మీద ఏమున్నదో, ఏ యంత్రము మరమ్మతులో నున్నదో విడమరచి చెప్పి, అతడు "తెలిసినది" అను వరకు కదలరాదు. ఒక్కొక్క విమానమునకు ఒక్కొక్క చీటీ యుండును. కాగితముదైనను, తెర మీదిదైనను, విమానముతోపాటు ఆ చీటీయు బల్లనుండి బల్లకు పోవలెను.

ఇది మనకు తెలియని ధర్మమా? రైతు పసుపును మార్కెట్టు యార్డునకు తెచ్చినపుడు గేటువద్ద చీటీ వ్రాసికొందురు. కుప్పకు నంబరు పడును. కొనువాడు ధర పలుకును. దడ్వాయి తూచును. కమీషన్ ఏజెంటు తక్‌పట్టీ వ్రాయును. హమాలి బస్తా నెత్తును. కొమ్ము చీటీ మండ కుప్పపై పడినచో ఆ రైతు యొక యేటి కష్టము ఒక నిమిషములో తారుమారగును. ఆర్మూరు స్టేషను మాస్టరు ప్రక్క స్టేషనునుండి "లైను క్లియరు" పుచ్చుకొననిదే బండిని విడువడు. ఏలయన ఒంటి పట్టాలమీద ఎదురుబండి వచ్చినచో ఏమగునో అతనికి తెలియును. ఆకాశమునను ధర్మమిదియే. భేదమొక్కటి: అచ్చట బండి నిలిచి యోచించుటకు వీలులేదు.

1991 ఫిబ్రవరి 1వ తేది సాయంకాలము అమెరికాలోని లాస్ ఏంజెలిసు విమానాశ్రయమున టవరు నియంత్రకురాలు ఒక చిన్న విమానమును రన్‌వే మీద నిలిచియుండు మనెను. అంతలో అట్టిదే మరియొక చిన్న విమానము పిలిచినది. దాని చీటీ ఆమె బల్లకు రాలేదు. వేరొక బల్లమీదనే యుండిపోయినది. ఆమె చీటీకై వెదకుచు, ఒక దానిని మరియొకటిగా భ్రమపడి, రన్‌వే ఖాళీగా నున్నదనుకొని, పెద్ద బోయింగు విమానమునకు అదే రన్‌వే మీద దిగుటకు అనుమతి నిచ్చెను. అది వచ్చి చీకటిలో నిలిచియున్న చిన్న విమానము మీదనే దిగెను. చిన్న విమానములోని పన్నెండుగురును, పెద్ద విమానములోని ఇరువదిమందికి పైగాను మరణించిరి. విచారణ జరిపిన జాతీయ రవాణా భద్రతా మండలి ఏమని తేల్చినది? ఆమె పొరపాటును దాచలేదు. అయినను అసలు కారణము ఆ నియంత్రణ కేంద్రపు యాజమాన్యమే యని చెప్పినది. ఒకరి పొరపాటును మరియొకరు కనిపెట్టి దిద్దు ఏర్పాటును వారు చేయలేదని, పై అధికార సంస్థ వారిని సరిగా కనిపెట్టియుండలేదని నిర్ణయించినది.

ఇది ఒక టవరులోని బల్లల నడుమ జరిగిన కథ. రెండు కేంద్రముల నడుమ మాట తెగిన కథ మరింత ఘోరమైనది. 2002 జూలై 1వ తేది రాత్రి జర్మనీలోని ఊబర్‌లింగెను పట్టణముపై ఆకాశమున రష్యా ప్రయాణికుల విమానమొకటియు, సరకుల విమానమొకటియు ఢీకొనెను. 71 మంది మరణించిరి. వారిలో అనేకులు సెలవులకు బయలుదేరిన బడిపిల్లలు. ఆ రాత్రి జూరిచ్ కేంద్రమున నియంత్రకుడొక్కడే రెండు తెరల పని చూచుచుండెను. తోటివాడు విశ్రాంతికి పోయెను. ఆ వాడుకను యాజమాన్యము ఎరిగియు సహించెను. రాడారు వ్యవస్థకు మరమ్మతు జరుగుచుండినందున ప్రమాదమును ముందుగా చూపు హెచ్చరిక తెరమీద రాలేదు. పొరుగు కేంద్రములతో మాటలాడు టెలిఫోను లైను ఆ మరమ్మతుకే కట్టివేయబడియుండెను. దానికి బదులుగా నుంచిన లైను చెడియుండెను. అతడు ఆలస్యముగా వచ్చిన వేరొక విమానమును సమీపపు విమానాశ్రయమునకు అప్పగింపబోయి, టెలిఫోను కలియక, విలువైన నిమిషములను దానిమీదనే వ్యయపరచెను.

అదే సమయమున జర్మనీలోని కార్ల్స్‌రూహె కేంద్రపు నియంత్రకుని తెరమీద, ఢీకొనుటకు రెండు నిమిషముల ముందే హెచ్చరిక వెలిగెను. అతడు జూరిచ్‌కు పలుమారులు టెలిఫోను చేసెను. మ్రోగవలసిన గంట మ్రోగలేదు. రాబోవు మృత్యువును కన్నులార చూచుచు, చెప్పుటకు నోరుండియు, వినుటకు మనిషియుండియు, నడుమ తీగ లేక ఆ మనిషి పడిన వేదనను పాఠకులే ఊహించుకొందురుగాక.

విమానములలో ప్రమాదమును తప్పించు యంత్రముండెను గదా యని అడుగవచ్చును. ఉండెను. అది రష్యా విమానమును పైకి పొమ్మనెను. నియంత్రకుడు క్రిందికి దిగుమనెను. పైలట్లు మనిషి మాట వినిరి. రెండవ విమానము తన యంత్రము చెప్పినట్లు క్రిందికే దిగుచుండెను. మనిషికిని యంత్రమునకును మాట భేదించినపుడు ఎవరి మాట చెల్లవలెనో లోకమంతట ఒక్కటిగా స్థిరపరచని లోపమునకు ఆ పిల్లలు బలియైరి.

పిమ్మట జరిగినదానిని చెప్పుటకును మనసు రాదు. తన భార్యను, ఇద్దరు బిడ్డలను కోల్పోయిన తండ్రియొకడు 2004 ఫిబ్రవరిలో ఆ నియంత్రకుని ఇంటికి బోయి అతనిని పొడిచి చంపెను. దుఃఖము ఒక ముఖమును వెదకుకొనెను. దొరికిన ముఖము ఆ రాత్రి ఒంటరిగా విడువబడినవానిది. కాని 2007లో స్విట్జర్లాండు న్యాయస్థానము ఆ సంస్థకు చెందిన నలుగురిని దోషులుగా నిర్ణయించెను. వారిలో ముగ్గురు అధికారులు. లైనులను కట్టివేయించినవారిని, ఒక్కనిని విడుచు వాడుకను సహించినవారిని ధర్మము ఆలస్యముగానైనను పేరుపెట్టి పిలిచినది. తిలా పాపము తలా పిడికెడు అని మన పెద్దలన్నది ఇట్టి చోటులకే. ప్రమాదము జరిగిన మరునాడు "తప్పు ఎవనిది?" అని కేకవేయు జనులు, ముందునాడు "ఏర్పాటు ఎట్లున్నది?" అని ఎన్నడైన అడిగిరా?

పరదేశపు కథలని త్రోసివేయరాదు. 1996 నవంబరు 12న హర్యానాలోని చర్ఖీ దాద్రీ పైని జరిగినది మన దేశపు ఆకాశముననే. ఢిల్లీనుండి లేచిన సౌదీ విమానమును, ఢిల్లీకి దిగవచ్చుచున్న కజకస్థాను విమానమును ఢీకొని 349 మంది మరణించిరి. ఒక విమానమును 14,000 అడుగులయెడ, మరియొకదానిని 15,000 అడుగులయెడ నిలుపుమని నియంత్రకుడు చెప్పెను. ఎదురుగా వచ్చుచున్న విమానమును గూర్చియు హెచ్చరించెను. కజకస్థాను విమానము తనకు చెప్పిన ఎత్తును దాటి క్రిందికి దిగెను. లాహోటీ విచారణసంఘము ఆ దోషమును ఆ విమానపు సిబ్బందిపైననే మోపినది. కాని ఆనాటి ఏర్పాటును చూడుడు. ఆకాశమున అధికభాగము వైమానిక దళపు అధీనమున నుండుటచే, వచ్చు విమానములకును పోవు విమానములకును ఒక్కటే దారి. ఆనాటి ఢిల్లీ రాడారు విమానమెచ్చట నున్నదో చూపునే గాని ఎంత ఎత్తున నున్నదో చూపదు. పైలట్లు నోట చెప్పినదే ఎత్తు! దారులు వేరు చేయబడినది, మేలైన రాడారు వచ్చినది, విమానములలో హెచ్చరిక యంత్రము తప్పనిసరి యైనది ఆ ప్రమాదము పిమ్మటనే. చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొనుట మన పాలనకు అలవాటు. జక్రాన్‌పల్లి విషయమున చేతులు కాలకముందే ఆకులను అడుగవలెనని మా మనవి.

"నేటి కాలమున కంప్యూటర్లున్నవి, మనుష్యులతో పనియేమి?" అని కొందరందురు. వారికి ఢిల్లీయే సమాధానము చెప్పినది. 2025 నవంబరు 7న అచ్చట విమానముల ప్రయాణప్రణాళికలను నియంత్రకులకు చేరవేయు సందేశ యంత్రవ్యవస్థ చెడిపోయినది. వందలాది విమానములు ఆలస్యమైనవి. యంత్రము మూగవోయిన ఆ దినమున నియంత్రకులు ప్రణాళికలను చేతితో సిద్ధపరచుకొని పని నడిపిరి. ప్రయాణికులు విసుగుకొనిరి, కాని ప్రాణముతో ఇల్లు చేరిరి. యంత్రమున్నపుడు మనిషి దండుగ యనువారు, యంత్రము పడిపోయిన దినమున ఎవరి భుజముల నాశ్రయించితిరో మరువకుందురుగాక.

ఇక మన తెలుగు ఆకాశమును చూతము. హైదరాబాదు చుట్టును దుండిగల్లున వైమానిక దళ అకాడెమీ యున్నది. హకీంపేటయందు వైమానిక దళ స్థావరమున్నది. 2008 మార్చిలో ప్రయాణికుల విమానములు శంషాబాదునకు తరలిపోయినను బేగంపేట మూతపడలేదు. శంషాబాదు విమానాశ్రయమును నడుపునది ప్రైవేటు సంస్థ. దానిపై ఆకాశమును నియంత్రించునది ప్రభుత్వ ప్రాధికార సంస్థ. విశాఖపట్టణమున నౌకాదళపు విమానక్షేత్రమునుండియే పౌర విమానములు దశాబ్దములపాటు నడచినవి. నేల యొకరిది, గోడ యొకరిది, ఆకాశమొకరిది. ఇందరి నడుమ మాట తెగకుండ నడచుటయే నియంత్రణ మనబడును. రేపు జక్రాన్‌పల్లి టవరు లేచినచో అది ఒంటరి ద్వీపము కాజాలదు. దక్షిణమున హైదరాబాదుతోను, వాయవ్యమున నాందేడుతోను, శిక్షణ విమానములను నడుపు వైమానిక దళముతోను దానికి ప్రతిదినము మాట యుండవలెను. ఎవరి హద్దు ఎచ్చట ముగియును, ఎంత ఎత్తున అప్పగింపవలెను, లైను చెడినచో ఏమి చేయవలెను అనునవి మొదటి విమానము దిగకముందే వ్రాతపూర్వకముగా స్థిరపడవలెను.

ఇంకొక సంగతి. జక్రాన్‌పల్లికి ఆరంభమున దినమునకు కొలది విమానములే వచ్చునేమో. "ఇంత చిన్నదానికి ఇందరు మనుష్యులెందులకు?" అని లెక్కల అధికారులు తప్పక ప్రశ్నింతురు. ఈ ప్రశ్ననుండియే ఒక్కని రాత్రి పుట్టును. పని తక్కువయని ఒక్కనిని విడుచుట, ఒక్కడున్నపుడే రెండు విమానములు కలిసివచ్చుట, అప్పుడే టెలిఫోను చెడుట, ఇది ఊబర్‌లింగెను వరుస. కావున మన ప్రతినిధులను మేము కోరునది స్పష్టముగా చెప్పుచున్నాము. టవరులో పని వంతున ఎన్నడును ఒక్కడే యుండరాదు. అలసినవానికి విశ్రాంతి హక్కుగా నుండవలెను గాని దయగా నుండరాదు. పొరుగు కేంద్రములతో మాటకు, ఒకటి తెగినను మరియొకటి నిలుచునట్టి వేరువేరు త్రోవల లైనులు రెండైన నుండవలెను. మరమ్మతు చేయదలచినపుడు, ఏది ఆగును, ఎంతసేపు ఆగును అను సంగతి బల్లవద్ద కూర్చుండువానికి ముందుగా తెలియవలెను. పొరపాటు జరిగి ప్రమాదము తప్పినపుడు, దానిని తానై చెప్పుకొనినవానిని శిక్షింపక, చెప్పినదానినుండి అందరును నేర్చుకొను పద్ధతి యుండవలెను. దాచినవాడే శిక్షార్హుడు కావలెను.

వీటన్నిటికంటె ముఖ్యమైనది మరియొకటి గలదు. అది డబ్బుతో కొనబడునది కాదు. మన కార్యాలయములలో పెద్దవాని మాటకు చిన్నవాడు ఎదురు చెప్పుట అవినయమని తలచు ఆచారము లోతుగా పాతుకొనియున్నది. దొరగారు పొరబడినను గుమాస్తా "చిత్తము" అనును. ఈ చిత్తము సంస్కృతి టవరు మెట్లెక్కరాదు. నిన్న చేరిన కుర్రవాడైనను, "అయ్యా, రన్‌వే మీద ఇంకను విమానమున్నది" అని తన పైవానితో కంఠమెత్తి చెప్పగలుగవలెను. ఆ పైవాడు చిన్నబుచ్చుకొనక కృతజ్ఞత చూపవలెను. రెండు వందలమంది ప్రాణముల ముందు ఒకని పెద్దరికమెంత? స్వతంత్ర దేశపు పౌరుడనగా పైవానిని చూచి మాట మ్రింగనివాడని మేము భావించుచున్నాము; ఆ స్వాతంత్ర్యమునకు మొదటి పరీక్ష ఇట్టి గదులలోనే జరుగుచున్నది.

తుదకు మన యువజనులతో ఒక మాట. ఈ ఉద్యోగము ఎక్కడివారికో వ్రాసిపెట్టినది కాదు. భౌతిక, గణితశాస్త్రములతో బి.ఎస్‌సి. చదివినవారికిని, ఇంజనీరింగు చదివినవారికిని పోటీపరీక్ష ద్వారా దీని ద్వారములు తెరచియున్నవి. ప్రయాగరాజునను, గోందియాయందును, మన బేగంపేటయందునే ఉన్న హైదరాబాదు శిక్షణకేంద్రమునను ఈ విద్యను నేర్పుచున్నారు. పసుపు చేలలో నీరు కట్టిన తల్లిదండ్రుల బిడ్డలు, కొడుకులేమి కూతుండ్రేమి, ఆ బల్లలవద్ద కూర్చుండుటకు అన్ని విధముల అర్హులు. గల్ఫునకు పోవు అన్నను ఆకాశమున చేయిపట్టి నడిపించు చెల్లెలు మన ఊరినుండి వచ్చిన దినము, ఆ విమానాశ్రయము నిజముగా మనదగును.

కావున ఈ పర్యాయము మన ప్రజాప్రతినిధి ఆర్మూరునకు వచ్చినపుడు, "రన్‌వే ఎప్పుడు?" అను ప్రశ్నతో ఆగవలదు. "టవరులో ఎందరు? పొరుగు కేంద్రములకు లైనులెన్ని? రాత్రివేళ ఒక్కనినే విడువమని మాట ఇత్తురా?" అని సభాముఖమున అడుగుడు. జవాబును వ్రాసి పుచ్చుకొనుడు. తక్‌పట్టీ లేనిదే పసుపు బస్తాను వదలని ఊరు మనది; బిడ్డల ప్రాణములను మాత్రము ఉత్త నోటిమాట మీద వదలుకొందుమా?